నీలితెర వాఙ్మూలము: ఒక విమర్శ

ఆదోని పేరు చెప్పగానే ప్రత్తి జ్ఞప్తికి వచ్చును. ఎమ్మిగనూరు పేరు చెప్పగానే మగ్గము. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిన నాడు లెక్కలన్నియు చేతివ్రాత పుస్తకములలోనే ఉండెడివి. 1953లో ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుండి విడివడి ఆంధ్ర రాష్ట్రములో చేరిన నాడును అంతే. నేడు తూకపు చీటీ, సరకు బిల్లు, జి.ఎస్.టి. లెక్క, విద్యార్థి దరఖాస్తు, భూమి పత్రము, అన్నియు కంప్యూటరు గుండా పోవలసినవే. కావున ఆ యంత్రము నడుమ ఆగినచో ఒకరి రోజు కూలి, ఒకరి సరకు ధర, ఒకరి గడువు దానితోపాటు ఆగిపోవును.

అట్లు ఆగుట రెండు విధములుగా కనబడుచున్నది. ఒక్కొక్కప్పుడు ఎట్టి సూచనయు లేకుండ తెర ఆరిపోయి యంత్రము తనంత తానే మరల మొదలగును. ఒక్కొక్కప్పుడు తెర అంతయు నీలమై, దానిపై తెల్లని అక్షరములు కనబడి, చదువు లోపలనే మాయమగును. ఈ నీలితెరను చూచి భయపడువారు కలరు, విసుగుకొనువారు కలరు, చదువువారు అరుదు. అది ఒక వ్రాత అనియు, దానికి వ్రాసినవారు, చదువవలసినవారు, ఒక ప్రయోజనము కలవనియు తలచి పరీక్షించువారు మరియు అరుదు. ఆ వ్రాత తన పనిని సరిగా చేయుచున్నదా? దానిని చూచి చికిత్స చేయువారు దానిని సరిగా చదువుచున్నారా? ఈ రెండు ప్రశ్నలును విమర్శకు తగినవే.

గొంతులో నిలిపిన విషము

ఎమ్మిగనూరు ప్రాంతమువారికి నీలకంఠేశ్వరస్వామి జాతర పరిచితమే. హాలాహలము లోకములపై పడకుండ గొంతులోనే నిలిపినవాడు నీలకంఠుడు. కంప్యూటరులోని నీలితెర చేయు పనియు ఇంచుమించు ఇట్టిదే.

కంప్యూటరులో నడచు కార్యక్రమములు రెండు తరగతులకు చెందును. ఉత్తరములు వ్రాయునది, లెక్కలు కట్టునది, పాటలు వినిపించునది మొదటి తరగతి. వీనిలో ఒకటి తప్పు చేసినచో అది ఒక్కటి మాత్రమే మూతపడును. రెండవ తరగతి కెర్నెల్ అనబడు భాగము. కెర్నెల్ అనగా గింజ; జిన్నింగు మిల్లుల ఊరివారికి గింజ యెంత ముఖ్యమో చెప్పనక్కర లేదు. మెమరీని పంచిపెట్టుట, డిస్కుపై వ్రాయుట, ప్రింటరు మొదలగు పరికరములతో మాట్లాడుట దాని బాధ్యత. ఆయా పరికరములను నడపు డ్రైవరు అను చిన్న కార్యక్రమములలో చాల భాగము కెర్నెల్‌తో పాటు అదే గదిలో కూర్చుండి పనిచేయును. అక్కడ ఒకటి తప్పు చేసినచో ఆ తప్పు ఎవరి కాగితములపై పడినదో చెప్పుటకు వీలులేదు.

అట్టి స్థితిలో యంత్రము పనిని సాగించినచో ఏమగును? నలుబది ఐదు క్వింటాళ్లని ఉండవలసిన చోట మరియొక అంకె పడవచ్చును. ఆ అంకె డిస్కుపైకి ఎక్కి శాశ్వతము కావచ్చును. తప్పుడు లెక్క వ్రాయుటకంటె కలము క్రింద పెట్టుట మేలు. కావుననే కెర్నెల్ తన పనిని తానే నిలిపివేసి, ఆ క్షణమున మెమరీలో ఉన్నదానికి ఒక ప్రతిని డిస్కుపై దాచి, తాను ఆగుటకు కారణమును తెరపై ప్రకటించును. ఆ ప్రతికి డంప్ అని పేరు. నీలితెర రోగము కాదు. రోగము వ్యాపింపకుండ వేసిన కట్ట. ఆగిపోవుచున్న యంత్రము ఇచ్చు వాఙ్మూలము.

ముప్పది యేండ్లలో మారిన వ్రాత

ఈ వాఙ్మూలమునకు చరిత్ర కలదు. 1992 నాటి విండోస్ 3.1లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కినప్పుడు వచ్చెడి నీలపు తెరలోని మాటలు స్టీవ్ బామర్ వ్రాసినవి. అది ఆగిపోయిన కార్యక్రమమును మూసివేయుదురా అని అడుగు తెర మాత్రమే. కెర్నెల్ ఆగిపోయినప్పుడు వచ్చు అసలైన తెర 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి.తో వచ్చినది. దానిని రచించినవాడు జాన్ వెర్ట్ అను ఇంజనీరు. నీలముపై తెలుపును ఎన్నుకొనుటలో గూఢార్థమేమియు లేదు. ఆయన పనిచేయుచున్న యంత్రపు తెరయు, ఆయన వాడిన వ్రాత పరికరమును ఆ రంగులలోనే ఉండెడివి.

ఆ తొలి తెర పండితులకు వ్రాసినది. ఒక సంఖ్య, నాలుగు చిరునామాలు, అప్పుడు మెమరీలో ఉన్న డ్రైవరుల పట్టిక, వరుసలు వరుసలుగా అంకెలు. సామాన్యునికి అందులో ఒక్క ముక్కయు తెలియదు. అయినను దానిలో ఒక గుణము కలదు: దాచినది ఏమియు లేదు. తెలియనివాడు దానిని కాగితముపై ఎక్కించుకొని తెలిసినవానికి చూపవచ్చును.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తెర సామాన్యునితో మాట్లాడ ప్రయత్నించినది. ఇదియే మొదటిసారి ఐనచో మరల ప్రారంభింపుడు. క్రొత్తగా అమర్చిన పరికరము సరిగా ఉన్నదేమో చూడుడు అను ధోరణిలో ఉపదేశము చేసినది. ఉపదేశము మంచిదే, కాని ఏ రోగికైనను అదే ఉపదేశము. అంతకంటె పెద్ద లోపము మరొకటి కలదు. తెర కనబడిన వెంటనే యంత్రము తనంత తానే మరల మొదలగునట్లు చేసిన అమరిక దానిలో మొదటి నుండియే అమలులో ఉండెను. సాక్షి నోరు తెరచినది, మాట పూర్తికాక మునుపే తలుపు మూసిరి. యంత్రము ఎందుకో దానంతట అదే మరల మొదలగుచున్నది అని చెప్పువారిలో కొందరు నిజముగా చూడవలసినది నీలితెరయే. దానిని చూచు అవకాశమే వారికి లేకపోయినది.

2012లో విండోస్ 8తో పాటు ఏడుపు మొగము గుర్తు వచ్చినది. అంకెల వరుసలు పోయినవి. మీ కంప్యూటరుకు ఒక సమస్య వచ్చినది, మరల ప్రారంభింపవలెను అను సానుభూతి వాక్యము మిగిలినది. 2016లో విండోస్ 10లో చరవాణితో చదువదగిన క్యు.ఆర్. గుర్తు చేరినది, కాని అది చూపిన చిరునామా అందరికిని ఒక్కటే. జ్వరము వచ్చినవానికి, కాలు విరిగినవానికి ఒకే మందు చీటీ ఇచ్చినట్లు ఉండెను. 2025లో విండోస్ 11లో నీలము పోయి నలుపు వచ్చినది. ఏడుపు మొగము, క్యు.ఆర్. గుర్తు తొలగినవి, స్టాప్ కోడు, తెలిసినచో తప్పుచేసిన డ్రైవరు పేరు స్పష్టముగా చూపుచున్నారు. ఇది మెచ్చదగిన మార్పే. కాని చాలమంది వినియోగదారులకు ఈ తెర నిలుచు కాలము సుమారు రెండు సెకండ్లకు తగ్గునని ఆ సంస్థయే గొప్పగా ప్రకటించినది. రెండు సెకండ్లలో చదువదగిన వాఙ్మూలము ఎంత? వ్రాత బాగుపడినది, చదువుటకు ఇచ్చిన గడువు తగ్గినది.

ఈ చరిత్రనంతను కలిపి చూచినచో ఒక మాట చెప్పవలసి వచ్చును. ముప్పది యేండ్లలో ఈ వ్రాత కఠినత్వమునుండి మర్యాదకు నడచినది; ఆ నడకలో కొంత నిజమును జారవిడిచినది. భయపెట్టని మాట వేరు, తెలియజేయు మాట వేరు. మొదటిది ఉండి రెండవది లేకున్నచో పాఠకుడు ఊరట పొందునే గాని ఉపకారము పొందడు.

సాక్ష్యము ఉన్న ఆగుడు, లేని ఆగుడు

ఐనను సాక్ష్యము పూర్తిగా నశించుట లేదు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయరు అను దినచర్య పుస్తకము కలదు. యంత్రము సక్రమముగా మూతపడక మరల లేచినప్పుడెల్ల అందులో కెర్నెల్-పవర్ 41 అను సంఘటన నమోదగును. దానిని చూచి కరెంటు సరఫరా చేయు పెట్టె చెడినదని నిశ్చయించి దానిని మార్చువారు కలరు. అది తొందరపాటు. ఆ సంఘటన చెప్పునది ఒక్కటే: యంత్రము చెప్పకుండ ఆగినది. దాని వివరములలో బగ్‌చెక్ కోడు అను అంకెను చూడవలెను. అది సున్న ఐనచో యంత్రమునకు వాఙ్మూలము ఇచ్చు వ్యవధియే దొరకలేదని అర్థము. కరెంటు, వేడి, లేదా పూర్తిగా బిగుసుకుపోయిన యంత్రమును ఎవరో మీట నొక్కి ఆర్పుట వంటివి అనుమానింపవలెను. సున్న కానిచో నీలితెర వచ్చియే పోయినదని అర్థము. ఒక చిన్న మెలకువ: తెరపై కోడు పదహారింటి లెక్కలో ఉండును, ఇక్కడ పదింటి లెక్కలో ఉండును. తెరపై 124గా కనబడునది ఇక్కడ 292గా కనబడును. రెండును ఒకటే.

సిస్టమ్ ప్రాపర్టీసులోని అడ్వాన్స్‌డ్ విభాగములో స్టార్టప్ అండ్ రికవరీ అనుచోట, తనంత తాను మరల మొదలగు అమరిక ఎదుట ఉన్న టిక్కును తీసివేసినచో, నీలితెర కదలక నిలిచియుండును. అప్పుడు నింపాదిగా చదువుకొనవచ్చును, చరవాణితో ఫొటో తీసికొనవచ్చును. ఈ ఒక్క పనియే సగము చికిత్స.

ఋతువు చెప్పు సాక్ష్యము

సాక్ష్యము లేని ఆగుడులకు ఈ రెండు ఊళ్ల పరిసరములే కొంత సాక్ష్యమిచ్చును.

మొదటిది కరెంటు. ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది, సెకండుకు 50 ఆవృత్తులది. అనగా ఒక్కొక్క ఆవృత్తికి 20 మిల్లీసెకండ్లు. కంప్యూటరులోని ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె, వచ్చు కరెంటు పోయిన తరువాత నిండు బరువుపై సుమారు 16 మిల్లీసెకండ్లు మాత్రము నిలువరింపగలదు. ఆ పిదప ఆ పెట్టె కరెంటు బాగున్నది అను సంకేతమును ఉపసంహరించుకొనును. మదర్‌బోర్డు వెంటనే యంత్రమును మరల మొదలుపెట్టును. పెద్ద మోటారును నేరుగా ప్రారంభించినప్పుడు అది తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుకొనును. ఆ క్షణమున అదే లైనుపై ఉన్నవారికి వోల్టేజి క్రుంగును. బల్బు ఒక రెప్పపాటు మందగించుట మాత్రమే కంటికి తెలియును. కంప్యూటరుకు అదియే చాలును. ప్రత్తి రాబడి అక్టోబరు మొదలుకొని క్రొత్త సంవత్సరము వరకు ముమ్మరముగా ఉండును. ఆ నెలలలోనే, మిల్లు మోటారు మొదలైనప్పుడే యంత్రము ఆగుచున్నచో కారణమునకై దూరము పోనక్కర లేదు.

ఇంటి ఇన్వర్టరు ఉన్నది గదా అని కొందరు ధైర్యముగా ఉందురు. చాల ఇన్వర్టరులకు వెనుక యు.పి.ఎస్. మోడు, నార్మల్ మోడు అని రెండు స్థితులు గల చిన్న మీట ఉండును. నార్మల్ స్థితిలో కరెంటు మారుటకు పట్టు కాలము ఫ్యానుకు, దీపమునకు తెలియదు, కాని ఎస్.ఎం.పి.ఎస్. నిలువరింపగల 16 మిల్లీసెకండ్లకు మించవచ్చును. మీటను యు.పి.ఎస్. స్థితికి మార్చుటతోనే ప్రతి కరెంటు కోతకు జరుగు ఆగుడు తీరిపోవచ్చును. దీనికి ఖర్చు లేదు.

రెండవది వేడి. వేసవిలో ఈ ప్రాంతపు పగటి వేడి 40 డిగ్రీలు దాటుట విశేషము కాదు. ప్రాసెసరు తన వేడిని గదిగాలిలోనికే వదలవలెను గనుక గది 25 డిగ్రీల నుండి 42కు పోయినచో ప్రాసెసరు వేడియు ఇంచుమించు అంతమేరకు పెరుగును. సామాన్యముగా 95 నుండి 105 డిగ్రీల దగ్గర అది తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని తగ్గనిచో తన్ను కాపాడుకొనుటకు ఒక్కసారిగా కరెంటు ఆర్పించును. అప్పుడు నీలితెర కూడ రాదు.

వేడికి తోడు దూది. జిన్నింగు ఊళ్లలో గాలిలో తేలు సన్నని నూగు ఫ్యాను గుండా లోనికి పోయి, హీట్ సింకు రేకుల నడుమ కంబళివలె పరచుకొనును. పైనుండి చూచిన ఫ్యాను తిరుగుచునే ఉండును. గాలి మాత్రము రేకుల నడుమకు పోదు. ఫ్యానును విప్పి అడుగున చూచినప్పుడే ఆ పొర కనబడును. బ్లోయరుతో ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టి ఉంచవలెను. ఎండిన థర్మల్ పేస్టును తుడిచి క్రొత్తది పూయవలెను. కెపాసిటరులకును వేడి శత్రువే. 10 డిగ్రీలు పెరిగినచో వాని ఆయుస్సు సగమగునని ఇంజనీర్లు స్థూలముగా లెక్కింతురు. తల ఉబ్బిన కెపాసిటరు కనబడినచో ఆ బోర్డును నమ్మరాదు.

కావున ఆగుట ఎప్పుడు జరిగినది అనునదియే ఒక నిర్ధారణ. మే నెల మధ్యాహ్నము ఆగి, తెల్లవారి చక్కగా నడచినచో వేడి. నవంబరులో మోటారుతో పాటు ఆగినచో కరెంటు. ఋతువుతో, వేళతో సంబంధము లేక, ఒకే పని చేయునప్పుడెల్ల నీలితెరతో ఆగినచో మెమరీ, డ్రైవరు, డిస్కులలో ఒకటి. ఖరీదైన పరికరము లేకుండ పంచాంగముతోనే ఇంతవరకు చెప్పవచ్చును.

కోడు చెప్పునది, చెప్పనిది

నీలితెర వచ్చినప్పుడు దానిలోని కోడును చదువుటకును ఒక పద్ధతి కలదు. 124 అంకెగల కోడు వచ్చినచో యంత్రభాగమే తన లోపమును తాను చెప్పుకొన్నదని గ్రహింపవలెను. వేడి, వోల్టేజి, ప్రాసెసరు అక్కడ అనుమానితములు. 7ఎ అను కోడు డిస్కు నుండి గాని, దాని తీగ నుండి గాని సమాచారము సరిగా రాలేదని చెప్పును. మెమరీ మేనేజ్‌మెంట్ అను 1ఎ కోడు మెమరీ పలకలను మొదట పరీక్షింపుమనును. ఐ.ఆర్.క్యు.ఎల్. అను మాటతో మొదలగు కోడు ఏదో డ్రైవరు తనది కాని చోట చేయి పెట్టినదని చెప్పును.

కాని ఇక్కడనే జాగ్రత్త అవసరము. కోడు తప్పు పట్టుబడిన చోటును చెప్పును. తప్పు పుట్టిన చోటును చెప్పకపోవచ్చును. దొంగ పట్టుబడిన ఇల్లు దొంగ ఇల్లు కానక్కర లేదు. ఒకే కోడు, ఒకే డ్రైవరు పేరు మాటిమాటికి వచ్చుచున్నచో ఆ డ్రైవరును అనుమానింపవచ్చును. రోజుకొక కోడు, పూటకొక పేరు వచ్చుచున్నచో అవన్నియు నిర్దోషులై, వాని క్రింద ఉన్న మెమరీ పలకయో, కరెంటో దోషి కావచ్చును.

మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించిన ఒక విశ్లేషణలో ఇట్టి ఆగుడులలో నూటికి 70 ఇతర సంస్థల డ్రైవరుల వలన, 10 యంత్రభాగముల వలన, 5 తన సొంత వ్రాత వలన జరిగినట్లును, తక్కిన 15లో మెమరీ మిక్కిలి చెడియుండుటచే కారణము చెప్పలేమనియు ఉన్నది. ఆ లెక్కను వ్రాసినవారు అందులో ఒక పక్షమువారే అనునది మరువరాదు. ఐనను క్రొత్త ప్రింటరో, క్రొత్త డ్రైవరో వచ్చిన నాటి నుండియే బాధ మొదలైనదా అని మొదట అడుగుట మంచిదని అది చెప్పుచున్నది. మెమరీ విషయమున 2009లో ష్రోడర్, పిన్హైరో, వెబర్ అనువారు గూగుల్ సంస్థ సర్వరులను పరీక్షించి, ఏడాదిలో నూటికి 8కి పైగా మెమరీ పలకలలో తప్పులు కనబడినవని ప్రకటించిరి. ఆ సర్వరులలో తప్పును దిద్దుకొను ఏర్పాటు ఉండెను; దుకాణపు బల్లపై ఉండు సాధారణ కంప్యూటరులో అది ఉండదు.

ఫార్మాటు అను సర్వరోగ నివారిణి

ఇక చికిత్స సంగతి. చిన్న పట్టణములలో నీలితెరకు తరచుగా వినబడు మందు ఒక్కటే: ఫార్మాటు కొట్టుట. అనగా డిస్కును తుడిచి విండోస్‌ను మరల ఎక్కించుట. దీనిని పూర్తిగా నిందించుట న్యాయము కాదు. చెడిన డ్రైవరు వలన బాధ కలుగుచున్నచో ఫార్మాటుతో అది పోవును, యంత్రము నెమ్మదించును. బాగుచేయువాడు రోజుకు అనేక యంత్రములను చూడవలెను. యజమానియు సాయంకాలమునకే కావలెనని తొందరపెట్టును. కారణము వెదకుటకు కూలి ఇచ్చువారు లేరు. ఫార్మాటుకు ఇచ్చువారు కలరు. ఆ పద్ధతి ఇట్లు వేళ్లూనినది.

ఐనను దాని దోషములు మూడు. మొదటిది, అది సాక్ష్యమును చంపును. విండోస్ సంచయములోని మినీడంప్ అను చోట దాగిన వాఙ్మూలములన్నియు దానితో తుడిచిపెట్టుకొని పోవును. రెండవది, కారణము యంత్రభాగములో ఉన్నచో అది ఏమియు చేయదు. హీట్ సింకులో ఇరుకుకొన్న దూదిని ఏ ఫార్మాటును తీయజాలదు. వారము గడచిన పిదప నీలితెర మరల వచ్చును. అప్పుడు మదర్‌బోర్డు పోయినదని తీర్పు వచ్చును. మార్చనక్కరలేని బోర్డుకు యజమాని డబ్బు చెల్లించును. మూడవది అన్నిటికంటె ఘోరము: ముందుగా ప్రతి తీయనిచో ఖాతాలు పోవును. తప్పుడు లెక్క వ్రాయకుండుటకు యంత్రము తనంత తానే ఆగినది. బాగుచేయుట పేరుతో మనుష్యుడు ఆ లెక్కనంతను తుడిచివేసెను. కాపాడిన విషమును మరల ఒలకపోసినట్లే గదా!

చిన్న పనులలోను ఇట్టి అలవాటు కలదు. మెమరీ పలకను ఊడదీసి, దాని అంచునగల బంగారుపూత గీతలను పెన్సిలు రబ్బరుతో రుద్ది మరల పెట్టుదురు. యంత్రము నడచును. అందులో కొంత యుక్తి లేకపోలేదు. గీతలపై పేరుకొన్న మలినము పోవును. కాని అనేక పర్యాయములు మేలు చేసినది రబ్బరు కాదు, పలకను తీసి గట్టిగా అమర్చుట. ఏది ఫలించినదో తెలియవలెనన్నచో ఒకసారికి ఒకటే పని చేయవలెను. రెండు పలకలున్నచో ఒక్కొక్కదానితో ఒక్కొక్క రోజు నడిపి చూడవలెను. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షను రాత్రిపూట నడిపి ఉదయము ఫలితము చూడవలెను. డ్రైవరును, పలకను, పెట్టెను ఒకే పూట మార్చినవానికి యంత్రము బాగుపడవచ్చునే గాని జ్ఞానము కలుగదు. మరుసటి యంత్రమునకు మరల మూడును మార్చవలసివచ్చును.

దీనికి కావలసిన సాధనము ఒక చిట్టా పుస్తకము. తేది, వేళ, నీలితెర వచ్చినదా లేదా, కోడు, డ్రైవరు పేరు, అప్పుడు నడచుచున్న పని, కరెంటు స్థితి: ఇవి ఏడు గళ్లు. పది పర్యాయములు వ్రాసిన పిదప కారణము చాలవరకు ఆ పుటలోనే కనబడును. దూది రాబడిని, నూలు పంపకమును పూటపూటకు వ్రాసికొను ఊళ్లకు ఇది క్రొత్త విద్య కాదు.

యంత్రమున తప్పులేని నాడు

యంత్రము తప్పు, యజమాని తప్పు ఏమియు లేకున్నను నీలితెర రావచ్చుననుటకు 2024 జులై 19 సాక్ష్యము. క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ ఆనాడు భారత కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు తన కార్యక్రమమునకు ఒక క్రొత్త సమాచార ఫైలును పంపినది. అందులో 21 అంశములను ఆశించు నియమము ఉండెను. చదువు భాగమునకు అందినవి 20 మాత్రమే. లేని ఇరువదియొకటవ దానికై అది మెమరీలో తనది కాని చోట చేయి పెట్టెను. ఆ కార్యక్రమము కెర్నెల్ గదిలో కూర్చున్నది గనుక యంత్రమంతయు ఆగినది. 10 గంటల 57 నిమిషములకు ఆ ఫైలును ఉపసంహరించిరి. అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు దెబ్బతిన్నవి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగు పాసులు ఇచ్చిరి. ఖాతా పుస్తకముల కాలము ఒక్క పూట తిరిగివచ్చినది.

ఆ నాటి చికిత్స యేమి? ఫార్మాటు కాదు. యంత్రమును సేఫ్ మోడ్‌లో లేపి ఒకే ఒక ఫైలును తొలగించుట. తప్పుచేసిన డ్రైవరు పేరు చాల తెరలపైననే వ్రాసియుండెను. చదివినవారు దోషిని వెంటనే గుర్తింపగలిగిరి. యంత్రమును మరల మరల లేపుట ఎల్లప్పుడును ఫలింపదని కూడ ఆ నాడు తెలిసినది. మరల ప్రారంభింపుడు అను సలహా సర్వకాలములకు తగినది కాదు.

తీర్పు

నీలితెరను ఒక వ్రాతగా విమర్శించినచో దాని గుణము నిజాయితీ, దాని దోషము తొందర. ఆగిపోవు యంత్రము చెప్పవలసిన మాటలు మూడే: నేనేల ఆగితిని, ఆ సమయమున నా ప్రక్క ఉన్నదెవరు, నీవు ఇక చేయవలసినదేమి. మొదటి తరము తెర మొదటి రెండింటిని చెప్పినది, పాఠకుని మరచినది. నడిమి తరము పాఠకుని ఓదార్చినది, విషయమును మరచినది. నేటి నల్లతెర మొదటి రెండింటిని మరల తెచ్చినది. మూడవదానికి, చదువుకొను గడువునకు ఇంకను చోటు ఈయలేదు. ఆ మూడు మాటలును చదువరి భాషలో, చదువరి కాగితము తీసికొనునంతవరకు నిలిచియుండుట అసాధ్యమైన కోరిక కాదు.

ఆ సంస్కరణ దూరదేశములలోని రచయితల చేతిలో ఉన్నది. కాని రెండవ సంస్కరణ ఆదోని బజారులోను, ఎమ్మిగనూరు బజారులోను జరుగవలసినది. అది టిక్కు తీయుట, చిట్టా వ్రాయుట, ఖాతాలకు ప్రతి తీయుట, ఒకసారికి ఒకటే మార్చుట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సవరణల సరఫరా ముగిసినది. పాత యంత్రములతోనే పని నెట్టుకొనువారికి ఈ అలవాట్లు ఇకమీద మరింత అక్కరకు వచ్చును. వైద్యుడు నాడి చూడక మందీయడు. యంత్రమునకు మందిచ్చువాడు దాని వాఙ్మూలమును చదువక స్క్రూ విప్పరాదు.